కొండ పిల్లలు సముద్రం చదవాలంటే ఏ కాలేజీ?



ఇంటర్, డిగ్రీ పిల్లల మీటింగులో నేను మాట్లాడింది రాసి పెట్టమని చాలామంది అడిగారు. కొంచెం సరిచేసి పెడుతున్నాను.

మెరైన్ సైన్స్ అనగానే మనవాళ్లు నవ్వుతారు. "మనది కొండ, సముద్రంతో మనకేం పని?" అంటారు. గోస్తని ఎక్కడ పుట్టింది? మన అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి రిజర్వాయరు దాటి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి నీరే కోరింగ మడ అడవుల దాకా పోతుంది. ఇక్కడ కొండ తవ్వితే ఆ మట్టి అక్కడ తేలుతుంది. రెండు చివర్లూ తెలిసినవాడు మనలో ఒక్కడైనా ఉండాలా వద్దా?

ఇంకో మాట. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికీ, పెద్ద ప్రాజెక్టుకీ పర్యావరణ ప్రభావ నివేదిక తయారు చేయాలి. చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ కూడా పెట్టాలి. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం బల్ల మీద పెడతారు. మనం "వద్దు" అంటాం, అనాల్సిందే. కానీ "మీ పుస్తకంలో వాగు నీటి లెక్క తప్పు" అని పేజీ చూపించి చెప్తే ఆ వద్దుకి బరువు వస్తుంది. ఈ చదువు నాకు కావాల్సింది అందుకే.

సరే, కాలేజీల సంగతి. కాలేజీ కంటే ముందు సబ్జెక్టు చూసుకోండి, దారి అక్కడే మూసుకుపోతుంది. బైపీసీ చదివి డిగ్రీలో జువాలజీ లాంటివి తీసుకుంటే మెరైన్ బయాలజీకి వెళ్లొచ్చు. అలలు, ప్రవాహాలు, తుఫానులు చదవాలంటే లెక్కలు, ఫిజిక్స్ కావాలి. అది ఎంపీసీ దారి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కి సైన్స్ డిగ్రీలు చాలావరకు పనికొస్తాయి. బైపీసీ తర్వాత నేరుగా చేపల చదువుకే పోవాలనుకుంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది. తెలంగాణ పిల్లలకు పెబ్బేరులో ఉంది.

పీజీకి మనకు దగ్గరిది ఆంధ్రా యూనివర్సిటీ. మెరైన్ లివింగ్ రిసోర్సెస్, మెటియరాలజీ–ఓషనోగ్రఫీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ మూడూ అక్కడున్నాయి. సముద్రం నడిచి వెళ్లేంత దూరం, ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం కూడా విశాఖలోనే. నా మాట అడిగితే మొదటిసారి ఇల్లు వదిలే పిల్లలకు ఇదే మంచిది. బయటికి పోగలిగితే తమిళనాడులో అణ్ణామలై యూనివర్సిటీ వాళ్ల పరంగిపేట కేంద్రం వెల్లార్ నది ముఖద్వారం దగ్గరే ఉంది. కొచ్చిలో కుసాట్, ఆ పక్క గోవా యూనివర్సిటీ ఉన్నాయి. పాండిచ్చేరి యూనివర్సిటీ మెరైన్ బయాలజీ శ్రీ విజయపురంలో (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) చెప్తుంది. పగడపు దిబ్బల పక్కనే క్లాసు అన్నమాట.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. మన ఎస్టీ సర్టిఫికెట్ మన రాష్ట్రానిది. వేరే రాష్ట్రం యూనివర్సిటీలో ఎస్టీ కోటా సాధారణంగా ఆ రాష్ట్రం ఎస్టీలకే. అక్కడ మనం ఓపెన్‌లో పోటీ పడాలి. పాండిచ్చేరి లాంటి కేంద్ర యూనివర్సిటీలో అలా కాదు, 7.5 శాతం దేశంలోని ఎస్టీలందరిదీ. దానికి సీయూఈటీ రాయాలి, సర్టిఫికెట్ కేంద్రం ఫార్మాట్‌లో ఉండాలి. అది చివరి వారం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగితే దొరకదు, ఇప్పుడే పెట్టుకోండి. మన ఆంధ్రాలో కోటా 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం.

బ్రోచరు మీద ఓడ బొమ్మ చూసి మోసపోకండి. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లని "ఏడాదికి ఎన్నిసార్లు పిల్లల్ని సముద్రం మీదకి తీసుకెళ్తారు?" అని అడిగాను. వాళ్లు ఏసీ ల్యాబు చూపించారు. మీరూ ఆ ప్రశ్నే అడగండి. సార్లను కాదు, అక్కడ చదువుతున్న సీనియర్లను అడగండి. ఫీల్డు ట్రిప్ ఖర్చు ఎవరిది, హాస్టల్ దొరికిందా, దొరక్కపోతే గది అద్దె ఎంత అనేవి కూడా వాళ్లే చెప్పగలరు. స్కాలర్‌షిప్ ఆలస్యంగా వస్తుంది, మెస్ బిల్లు ఆలస్యం చేయదు. మొదటి నాలుగు నెలల డబ్బు చేతిలో ఉందో లేదో చూసుకునే బయల్దేరండి.

ఉద్యోగాల గురించి అబద్ధం చెప్పను. ఎమ్మెస్సీతోనే ఆగితే ఎక్కువగా దొరికేవి ప్రాజెక్టు ఉద్యోగాలే. నెట్ రాసి పీహెచ్‌డీకి పోతే ఎస్టీలకు నేషనల్ ఫెలోషిప్ ఉంది, ఏడాదికి 750 మందికి. సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని చూస్తారు, కొండ మీద పిల్లకెందుకు కుదరదు?

మార్కుల లిస్టు, కులం సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు పట్టుకుని వచ్చే ఆదివారం రండి. చెల్లెళ్లు ఒంటరిగా రాలేకపోతే అమ్మనో నాన్ననో వెంట తెచ్చుకోండి, వాళ్లక్కూడా చెప్పాల్సింది చాలా ఉంది.