స్పర్శరేఖ ఎక్కడ సమాంతరమవుతుంది?

నల్లబల్ల లేకుండా లెక్క చెప్పడం కష్టమే. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని వినండి.

మా కల్యాణసింగ్‌పూర్ పక్కనుంచి నాగావళి పారుతుంది. కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా ఆంధ్రలోకి దిగి, శ్రీకాకుళం దాటి సముద్రంలో కలుస్తుంది. ఏరు తిన్నగా పారదు గదా! ఒక వంపు దగ్గర ఒడ్డున తిన్నని బాట ఉందనుకోండి. నీటిలో ఆకు వేసి చూడండి. వంపు తిరిగేకొద్దీ ఆకు పోయే దిక్కు మారుతూ ఉంటుంది. ఒకచోట, ఒక్క క్షణం, అది సరిగ్గా బాట పోయే దిక్కుకే పోతుంది. మనం వెతికేది ఆ చోటునే. ఏరు వక్రం, బాట సరళరేఖ, ఆకు పోయే దిక్కు స్పర్శరేఖ. ఇలాంటి క్షణకాలపు గతినే భాస్కరాచార్యుడు 1150లో సిద్ధాంత శిరోమణిలో, గ్రహాల విషయంలో, తాత్కాలిక గతి అన్నాడు.

ఇప్పుడు లెక్క. వక్రం: వై సమానం ఎక్స్ ఘనం మైనస్ 3 ఎక్స్. గీత: వై సమానం 9 ఎక్స్ ప్లస్ 5. గీత వాలు 9. చివరనున్న 5తో ఇక్కడ పనిలేదు. అది గీతను పైకీ కిందికీ జరుపుతుందే గాని తిప్పదు. వక్రం వాలు కోసం అవకలజం తీస్తే 3 ఎక్స్ వర్గం మైనస్ 3 వస్తుంది. అది 9 కావాలంటే ఎక్స్ వర్గం 4. అంటే ఎక్స్ 2 కావచ్చు, మైనస్ 2 కావచ్చు. చాలామంది ఆ మైనస్‌ను మరిచిపోతారు. వై విలువను గీతలో కాదు, వక్రంలోనే చూడాలి. బిందువులు రెండు: 2, 2 ఒకటి, మైనస్ 2, మైనస్ 2 రెండోది.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే ఒక అమ్మాయికి పరీక్షలో ఈ లెక్కే ఇచ్చాను. మైనస్‌ను మరవలేదు. రెండు బిందువులూ రాసి, రెండూ కొట్టేసి, కింద 'అలాంటి బిందువు లేదు' అని రాసింది. సున్నా వేశాను. మర్నాడు కాగితం పట్టుకొచ్చింది.

"మాస్టారండీ, 2, 2 దగ్గర గీత గీసి చూశాను. మైనస్ 4 దగ్గర మళ్లీ వక్రాన్ని కోస్తోంది. మరి స్పర్శరేఖ ఎలా అవుతుందండీ?"

నిజమే, కోస్తుంది. మైనస్ 4, మైనస్ 52 అన్న బిందువు దగ్గర. వృత్తం పాఠంలో 'ఒకే ఒక్క బిందువు దగ్గర కలిసేది స్పర్శరేఖ' అని ఆమెకు చెప్పినవాణ్ణి నేనే. ఒడియాలో స్పర్శక, తెలుగులో స్పర్శరేఖ. రెండింటా ఉన్నది తాకడమే. వృత్తానికి ఆ మాట సరిపోతుంది, ఇలాంటి వక్రానికి చాలదు. ఆ బిందువు దగ్గర వక్రం పోతున్న దిక్కును పట్టుకున్న గీత స్పర్శరేఖ. దూరాన ఎక్కడో కోసినంత మాత్రాన దానికి ఆ పేరు పోదు. ఆకు పోయే దిక్కున తాడు చాపితే, దిగువన మరో వంపులో అది ఏటిని దాటవచ్చు గదా!

ఇంకో మెలిక ఉంది. 5 బదులు మైనస్ 16 ఇచ్చి ఉంటే, 2, 2 దగ్గరి స్పర్శరేఖా, ఇచ్చిన గీతా ఒకటే అయిపోతాయి. అప్పుడు సమాంతరంగా మిగిలేది మైనస్ 2 దగ్గరిదే. అందుకని బిందువు తేలాక అది ఇచ్చిన గీత మీదే ఉందేమో చూసుకోవాలి.

ఆ అమ్మాయికి సున్నా కొట్టేసి సగం మార్కులు వేశాను. చివరి జవాబు తప్పే గదా. ఇప్పుడు పదో తరగతిలో స్పర్శరేఖ నిర్వచనం రాయించేటప్పుడు, 'వృత్తానికి' అన్న మాట కింద గీత గీయిస్తున్నాను. సెలవు.