లారీ ప్రమాదము - కుటుంబపు హక్కు



లారీ ప్రమాదమున ఇంటి పెద్దను కోల్పోయినవారు “బీద డ్రైవరు ఏమి ఈయగలడు?” అని ఊరకుండుట కద్దు. చట్టము డ్రైవరునే గాక లారీ యజమానిని, బీమా కంపెనీని గూడ బాధ్యులను జేయుచున్నది. పరిహారము దయాభిక్ష కాదు, ఆధారపడినవారి హక్కు.

1988లో ఢిల్లీ రవాణా సంస్థ బస్సు ప్రమాదమున వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రజ్ఞు డొకరు 38వ యేట మరణించిరి. 2009లో సుప్రీంకోర్టు ఆయన జీతమునకు భావివృద్ధి క్రింద సగము చేర్చి, స్వంత ఖర్చులకు అయిదవ వంతు తీసివేసి, వార్షిక మొత్తమును 15చే హెచ్చించి, ఇతర పద్దులతో 8,84,870 రూపాయలు నిర్ణయించెను. లారీ ప్రమాదములకును ఈ పద్ధతియే మార్గదర్శకము.

కుటుంబ పింఛను, ప్రావిడెంటు ఫండు, జీవిత బీమా సొమ్ము పరిహారమునుండి తగ్గింపరాదని 1998లోనే ఆ న్యాయస్థానము విశదపరచెను. కనుక పింఛను వచ్చుచున్నదని ఉద్యోగుల కుటుంబములు వెనుదీయ నక్కరలేదు.

ప్రమాదము నెల్లూరువద్ద జరిగినను, ఢిల్లీలో నివసించు కుటుంబము ఇక్కడి ట్రిబ్యునలులోనే దరఖాస్తు పెట్టవచ్చును. 2022 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన సవరణ ఇందులకు ఆరు మాసముల గడువు విధించినది, ఆలస్యము తగదు. లారీ ఆగక పారిపోయి జాడ తెలియనిచో, మృతుని కుటుంబమునకు ప్రభుత్వ పథకము క్రింద 2 లక్షల రూపాయలు లభించును.

పోలీసు నివేదిక ప్రతి, జీతపు పత్రము, వయస్సు నిరూపణ, ఆధారపడినవారి వివరములు దరఖాస్తునకు ప్రాణము. శోకమున నున్న ఇల్లాలికి ఓదార్పు పలుకుటతో నాగక, ఈ కాగితములను సమకూర్చి పెట్టుటయే పరదేశమున తోటి తెలుగువారి ధర్మము.