హాంక్ విలియమ్స్ పల్లెపాటలు



కవితాపాకములలో ద్రాక్షాపాకము, నారికేళపాకము అని మన పెద్దలు భేదము చేసిరి. మొదటిది నోట వేసికొన్నంతనే రసము నిచ్చును. రెండవది పగులగొట్టినగాని రుచి తెలియనీయదు. నేడు నేను ముచ్చటింపబోవు కవి ద్రాక్షాపాకమునకు చెందినవాడు. అతడు మన దేశమువాడు కాడు. అమెరికా దక్షిణభాగమున, అలబామా రాష్ట్రములో, మౌంట్ ఆలివ్ అను పల్లెపట్టున 1923వ సంవత్సరమున జన్మించిన హాంక్ విలియమ్స్. అచ్చటి పల్లెజనుల పాటలనుండి పెరిగిన గానమునకు కంట్రీ సంగీతమని పేరు. దానికి అతడు మహాకవి.

ఏడేండ్లు నిండకమునుపే తండ్రి వ్యాధిచే ఆసుపత్రి పాలయ్యెను. తల్లి పూటకూళ్ల యిల్లు నడిపి పిల్లలను పోషించెను. వీధులలో గిటారు వాయించుకొని బ్రతుకు రూఫస్ పేయిన్ అను నల్లజాతి గాయకుడు ఈ బాలునకు గురువయ్యెను. తెల్లవారును నల్లవారును ఒక పంక్తిని కూర్చుండరాదని శాసనములున్న దినములవి. తన సంగీతవిద్యకు మూలము ఆ గురువేయని హాంక్ పెద్దవాడైన పిదప బాహాటముగ చెప్పికొనెను.

అతని పాటలలో నాకు మిక్కిలి ప్రియమైనది 1949లో వెలువడిన ‘ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై’. ఒంటరితనముచే ఏడుపు వచ్చుచున్నదని దాని భావము. ఎవరికొరకు దుఃఖించుచున్నాడో ఈ పాటలోని మనుష్యుడు తుదిదాక చెప్పడు. తుదినైనను పేరు చెప్పడు. రాత్రివేళ కూయు పక్షి, దూరమున పోవు రైలు, మబ్బుచాటు చంద్రుడు, రాలెడు చుక్క, వీనినే చూపును. చూచిన ప్రతి వస్తువునందును అతనికి తన దుఃఖమే కనబడును. సీతను గోల్పోయిన శ్రీరాముడు పంపాతీరమున చెట్టును పిట్టను జూచి విలపించిన ఘట్టము నాకు స్మరణకు వచ్చును. ఇందులో చదువురానివానికి తెలియని మాట యొక్కటియు లేదు.

రెండవది 1951 నాటి ‘కోల్డ్, కోల్డ్ హార్ట్’. చల్లని మనస్సు మనకు మెచ్చుకోలు. ఆంగ్లమున అది కరగని గుండెకు పేరు. మునుపు ఎవరో ఒకడు ఆమెను నొప్పించెను. ఆ గాయము మానక ఆమె ఇతనిని నమ్మజాలదు. ఒకరి తప్పునకు వేరొకరు శిక్ష యనుభవించుట మన యిండ్లలోను చూచుచున్నదే కదా! న్యూయార్కు గాయకుడు టోనీ బెన్నెట్ ఆ యేడే దీనిని నగరపు బాణీలో పాడగా దేశమంతటను మారుమ్రోగెను.

అతడు దుఃఖమునే పాడెనని తలంపవలదు. 1952లో వెలువడిన ‘జంబలాయా’ లూయిసియానా కాలువలపై పడవ నడుపుకొని విందునకు పోవువాని యుత్సాహగీతము. జంబలాయా యనగా మన పులావు వంటి అన్నపు వంటకము.

పుట్టువెన్నునొప్పి, దానికి వాడిన మందులు, త్రాగుడు అతనిని కృశింపజేసెను. త్రాగుడు లేనిదే అట్టి పాటలు పుట్టవని కొంద రందురు. నేనంగీకరింపను. 1952 ఆగస్టులో, శనివారపు రాత్రులు అతని కీర్తిని దేశమునకు చాటిన నాష్‌విల్ రేడియో సభ గ్రాండ్ ఓల్ ఓప్రీ నుండి అతనిని తొలగించిరి. కారణము ఆ త్రాగుడే. 1953 జనవరి 1న, కచేరికి పోవుచు కారులోనే అతడు మరణించెను. వయస్సు ఇరువదితొమ్మిది యేండ్లు. 2010లో పులిట్జర్ సంస్థవారు అతనికి ప్రత్యేక గౌరవము ప్రకటించిరి.

శిష్యుని గొంతు నేటికిని రికార్డులలో వినవచ్చుచున్నది. 1939లో గతించిన గురువు రూఫస్ పేయిన్ గొంతు ఒక్క రికార్డునందును నిలువలేదు. ఆతడేమి పాడెనో, ఎట్లు పాడెనో మనము విననేరము. అతని పాటను వ్రాసికొనుట యవసరమని ఆనాటి పెద్దలకు తోచలేదు.

పెద్దలారా! నాట్లవేళ పాట కట్టెడు ముదుసలియో, భజనకు చరణ మల్లెడు వృద్ధుడో మీ యూరను ఉండవచ్చును. అవి మోటుపాటలని త్రోసివేయకుడు. ఈ వారమే మనుమని పిలిచి, ఆ వృద్ధుని యరుగుమీద కూర్చుండబెట్టి, పాటలు వ్రాయింపుడు. వారి పేరును ఆ కాగితముమీద వేయింపుడు.