నడుము నొప్పి తరువాత పని

నాదర్‌గుల్ పరిసరములందు లేచుచున్న భవనములకు సిమెంటు బస్తాలు మోసి, నడుము పట్టి, మంచమెక్కిన కూలీని నొప్పికన్న శంకయే ఎక్కువ బాధించును: మరల వంగిన ఏమగునో, మేస్త్రీ పనికి పిలుచునో లేదో!

సాధారణమైన నడుము నొప్పి పెక్కుమందికి కొలది వారములలో తగ్గుముఖము పట్టును. నొప్పి నిశ్శేషముగా పోవువరకు పరుండుట మేలు కాదు, నడక మేలు. మరల చెప్పుచున్నాను, నడక మానరాదు. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినను, మూత్రముపై అదుపు పోయినను మాత్రము తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఈఎస్ఐ బీమా గలవారికి, అర్హతను బట్టి, వైద్యుని ధ్రువపత్రముపై ఏడాదికి 91 దినముల వరకు అనారోగ్య భృతి కలదు. అడ్డాకూలీకి అదియు లేదు. అతని ధైర్యము మేస్త్రీ మాటలోనే యున్నది. మేస్త్రీలారా! కోలుకొని వచ్చినవాని తలకు వెంటనే బస్తా ఎత్తక, మొదట గోడలు తడుపు పని ఈయుడు.