గురి చూచే ఆట



ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉండనే ఉన్నది గనుక, పండుగనాడు కొంచెం చేదుమాట చెప్పినా తప్పుగా ఎంచరని మా నమ్మకం. మన ఇళ్ళలో పిల్లలు సెల్‌ఫోనులో ఆడే తుపాకి ఆటను గూర్చి రెండు మాటలు మనవి చేస్తాము.

ఆట చాల సులువు. ఆడేవాడు మేడమీద పొంచి ఉంటాడు. దుర్భిణిలో దూరాన ఒక మనిషి కనబడతాడు. అదను చూచి ఒక్క గుండు పేల్చాలి. అంతే. జపానులోని కొనామీ కంపెనీ 1999లో 'సైలెంట్ స్కోప్' అనే ఆటయంత్రాన్ని తెచ్చింది. తుపాకి దుర్భిణిలోనే చిన్న తెర అమర్చింది. నేడు ఇట్టి ఆటలు చవక ఫోనులో, ఒక్క వేలితో నడుస్తున్నవి.

ఇందులో అంత ఆకర్షణ ఏమున్నది? పావగడ తాలూకా నుండి బెంగుళూరు చేరిన మనకు ఇది తెలియనిది కాదు. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల త్రిప్పినవాళ్ళం. తిరునాళ్ళలో గాలితుపాకితో బుడగలు కొట్టినవాళ్ళం. కదలక మెదలక కాచుకొని ఉండి, గురి తగిలిన క్షణాన కలిగే తృప్తి మనం ఎరిగినదే. మార్కులకూ, ఉద్యోగానికీ ఎదురుచూచి విసిగిన పిల్లవానికి, ఎదురుచూపు వెంటనే ఫలించే చోటు ఈ ఆట ఒక్కటే.

తిరుమణి ప్రాంతాన రైతులు కౌలుకిచ్చిన దాదాపు 13,000 ఎకరాలలో నేడు 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం ఉన్నది. అక్కడ కావలి కాయడానికి చేను లేదు. మన పిల్లలకు ఇక్కడ మంచె లేదు. గురి చూచే సరదా మాత్రం పోలేదు, ఫోనులో చేరింది.

అయితే ఒక్క తేడా ఉన్నది. మనం వడిసెల విసరినది పిట్టలను తోలడానికి. గింజ దక్కితే చాలు. ఈ ఆటలో దుర్భిణికి చిక్కినవానికి పేరు లేదు, ఇల్లు లేదు. వాడు కూలితే బహుమానం. మాకు దిగులు కలిగించేది తుపాకి కాదు, ఆ పేరు లేకపోవడం.

కనుక ఫోను లాగుకొనకండి. ప్రక్కన కూర్చొని ఒక ఆట ఆడండి, ఓడిపోండి. ఆపైన "ఎవరిని కొట్టావు నాయనా, ఎందుకు?" అని అడగండి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో గాలితుపాకితో కంచు పతకం గెలిచినది ప్రాణం లేని గురిమీదనే అని చెప్పండి. గురి మంచిదే, ఎదుట ఉన్నది ఎవరో మరువకుంటే చాలు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.