యార్కు కిటికీ, మెదకు తట్ట



కెథీడ్రల్ అనగా పెద్ద గుడియని మనలో చాలమంది తలంతురు. పెద్దదైనను చిన్నదైనను బిషప్పు పీఠమున్న గుడియే కెథీడ్రల్. ఇంగ్లండులో కాంటర్‌బరీ, డర్హాము, వెల్సు, యార్కు వంటి ఊళ్ల బ్రదుకు ఆ గుడులతో పెనవైచుకొన్నది. లాల్‌దర్వాజావారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. సింహవాహిని మహంకాళి బోనాలనాడు మన సందులన్నియు ఎటు నడచునో ఏటేటా చూచుచున్నాము గదా!

యార్కు గుడి తూర్పు కిటికీ సంగతి వినుడి. 1405లో కావెంట్రీ వాడైన జాన్ థార్న్‌టన్ ఆ పని ఒప్పుకొని, సృష్టి మొదలు ప్రకటన గ్రంథము వరకు రంగు అద్దములలో కూర్చి 1408లో ముగించెను. అతని పేరే కాదు, వారమునకు 4 షిల్లింగుల కూలి అన్న మాట గూడ నిలిచియున్నది. 1984 జులై 9న ఆ గుడి దక్షిణ భాగపు కప్పు కాలిపోయినప్పుడు, గుడికి సొంత పనివారున్నందున 1988 నాటికి మరల నిలబెట్టుకొనిరి.

ఇక మన మెదకు. కరువు రోజులలో జనులకు పనియు తిండియు దొరకవలెనని పాస్నెట్ దొరగారు 1914లో మొదలుపెట్టించిన గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురము. జననము, సిలువ, ఆరోహణము చూపు కిటికీలను చేసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరు అందరు చెప్పుదురు. తట్ట మోసినవారి పేర్లు ఎవరు చెప్పుదురు?

మాలో ఒకరి నాయనమ్మ, “గుడి కట్టేటప్పుడు మా అమ్మ తట్ట మోసింది, నేను ఆడనే గింజలు తిన్న” అనెడిది. మేము నవ్వి ఊరకుంటిమి. తల్లి పేరేమి అని అడుగలేదు. ఆమె పోయినది. ఇది మా తప్పే.

దోర్నకల్ గుడికి అజరయ్యగారు గుమ్మటములు, మన కోవెలల వంటి స్తంభములు పెట్టించిరి. అది 1939 జనవరి 6న ప్రతిష్ఠమైనది. అది మనది, మెదకు గోథిక్ గుడి పరాయిది అను వాదము మాకు రుచింపదు. ఆ కమానులకు రాళ్లందించిన చేతులు ఎవరివి?

మెదకు గుడికి 2024లో నూరేండ్లు నిండినవి. తట్టలు మోసినవారి మనుమలు, మునిమనుమలు మన సంఘములలోనే ఉన్నారు. అందుచేత వరండాలో ఒక నోటుపుస్తకము పెట్టితిమి. మీ పెద్దలలో అక్కడ పని చేసినవారుంటే పేరు, ఊరు, విన్న మాట వ్రాయుడి. మొదటి పుటలో ఆ నాయనమ్మ పేరున్నది, తల్లి పేరుండవలసిన చోటు ఖాళీ. వ్రాయలేనివారికి మన యువజనులు వ్రాసిపెట్టుదురు, టీ త్రాగిన పిమ్మట దయచేసి అటు రండి.