మైకు ఇచ్చినవాడూ జవాబు చెప్పాలి

(దిండిలో పాటగాళ్లు, డప్పు కళాకారులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు మన పాట పేట దాటి ఊళ్లోకి వెళ్లాలంటే కాలినడకన వెళ్లేది. ఇప్పుడు ఫోన్లో వెళ్తోంది. అదే ఫోన్లో మనల్ని తిట్టే మాటా వస్తోంది. పాటనీ, తిట్టునీ ఒకే కంపెనీ మోస్తోంది. రెండింటి మధ్యా ప్రకటనలు వేసి డబ్బు చేసుకుంటోంది. తిట్టినవాణ్ణి మనం నిలదీస్తూనే ఉన్నాం. ఆ తిట్టుని పదిమందికీ పంచి, దానిమీద సంపాదించినవాడి సంగతేమిటి? ఇవాళ నేను మాట్లాడదల్చుకున్నది అదొక్కటే.

మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు ఏమంటాడు? ‘నేను మైకు ఇచ్చానండీ, మాట నాది కాదు’ అంటాడు. ఒప్పుకుందాం. కానీ మాట్లాడేవాణ్ణి వాడే ఎంచి, వాడికి డబ్బిచ్చి కూర్చోబెట్టి, బూరలన్నీ మన పేటవైపు తిప్పి, జనం ఎక్కువ పోగైనకొద్దీ ఎక్కువ వసూలు చేసుకుంటే? అప్పుడు వాడు మైకువాడు కాదు, సభ పెట్టినవాడు. సభ పెట్టినవాడు జవాబు చెప్పాలా, వద్దా?

ఈ ప్రశ్న అమెరికాలో కళాకారులే వేశారు. స్పాటిఫై అని పాటలు వినిపించే పెద్ద కంపెనీ ఉంది. అది జో రోగన్ అనే ఆయనకి కోట్ల డాలర్లిచ్చి ఆయన ముచ్చట్ల కార్యక్రమాన్ని తన దగ్గరే ఉంచుకుంది. ఇలాంటి కార్యక్రమాల్నే పాడ్‌కాస్ట్ అంటున్నారు. మన రేడియో ముచ్చట్ల లాంటిదే. కరోనా టీకాల గురించి ఆయన కార్యక్రమంలో అబద్ధాలు ప్రచారమవుతున్నాయని 2022 జనవరిలో నీల్ యంగ్ అనే గాయకుడు తన పాటలన్నీ తీసేయమన్నాడు. జోనీ మిచెల్ కూడా ఆయన వెంట నడిచింది. ఇద్దరికీ చిన్నతనంలో పోలియో వచ్చింది. టీకా విలువ వాళ్లకి ఒకరు చెప్పాలా?

ఆ తర్వాత ఇండియా ఆరీ అనే నల్లజాతి గాయని లేచింది. ఆమె టీకా గురించి కాదు, జాతి గురించి అడిగింది. నల్లవాళ్లని అవమానించే మాటని రోగన్ ఎన్నిసార్లు వాడాడో జనానికి చూపించింది. మా పాటలమీద వచ్చిన డబ్బు అతనికి కోట్లుగా పోస్తున్నారు, మాకు మాత్రం చిల్లర విదిలిస్తున్నారు అన్నది. రోగన్ క్షమాపణ చెప్పాడు. సుమారు 70 భాగాలు తీసేశారు. మనిషిని మాత్రం కంపెనీ వదులుకోలేదు. 2024లో కొత్త ఒప్పందం చేసుకుని ఆ కార్యక్రమాన్ని మిగతా కంపెనీల దగ్గరా వినిపించడం మొదలెట్టారు. అన్ని కొట్లలోనూ అదే సరుకు ఉన్నప్పుడు అన్నీ వదిలి ఎక్కడికి పోను అని నీల్ యంగ్ ఆ ఏడాదే తిరిగొచ్చాడు.

దీన్నిబట్టి మనకి రెండు సంగతులు తెలుస్తున్నాయి. కళాకారుడు లేస్తే కంపెనీ కదులుతుంది. ఒక్కడే లేస్తే కొంతదూరం కదిలి ఆగిపోతుంది.

మన తెలుగునాట ఏం జరిగిందో చూడండి. 2024 జులైలో ప్రణీత్ హనుమంతు అనే యూట్యూబర్, ఒక తండ్రీ చిన్నకూతురూ ఉన్న వీడియోమీద నలుగురూ కూర్చుని నీచమైన వెకిలి మాటలాడారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని బయటపెట్టి ప్రభుత్వాల్ని అడిగాడు. కొద్దిరోజుల్లోనే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు ప్రణీత్‌ని బెంగళూరులో అరెస్టు చేశారు. అదే నెలలో, నటీనటుల్ని కించపరుస్తున్న ఛానళ్లు కొన్నింటిని తీయించామని సినీ ఆర్టిస్టుల సంఘం అధ్యక్షుడు మంచు విష్ణు ప్రకటించాడు. మంచిదే. ఆ పసిబిడ్డ తరఫున మాట్లాడినందుకు సంతోషమే.

కానీ నా ప్రశ్న వేరు. పేరున్న నటుడు ఒక్క మాట రాస్తే రోజుల్లో కదిలిన యంత్రం, మన పేట ఆడపిల్లని కులం పేరుతో తిడితే అంత వేగంగా కదులుతుందా? పేరున్నవాడికో న్యాయం, పేటకో న్యాయమా? మనకి న్యాయం ఒక హీరో దయగా రాకూడదు. హక్కుగా రావాలి.

కులం సంగతి కంపెనీలకి తెలియదా? తెలుసు. ఒక కులం గొప్పది, ఇంకొకటి తక్కువది అని చెప్పే వీడియోలు పనికిరావని 2019 జూన్లో యూట్యూబే నియమం రాసుకుంది. యూట్యూబ్ గూగుల్‌దే కదా. అదే గూగుల్ 2022 ఏప్రిల్లో, దళిత చరిత్ర మాసంలో, కులంమీద తేన్మొళి సౌందరరాజన్ ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని లోపలివాళ్లు అభ్యంతరపెడితే రద్దుచేసింది. ఆ సభ ఏర్పాటుచేసిన ఉద్యోగిని రాజీనామా చేసి బయటికొచ్చింది. నియమం కాగితంమీదుంటే సరిపోదని చెప్పడానికి ఇంకేం కావాలి?

ఇక మన జిల్లా సంగతి. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామని ప్రకటన వచ్చి వారం తిరక్కముందే, 2022 మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లూ, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లూ తగలబెట్టారు. జనాన్ని పోగెయ్యడానికి వాట్సాప్ గ్రూపులు వాడారని పోలీసులే అన్నారు. తర్వాత ఏం చేశారు? ఇంటర్నెట్టు ఆపేశారు. తిట్టినవాడికీ ఆగింది, తిట్టు తిన్నవాడికీ ఆగింది. ద్వేషాన్ని మోసిన కంపెనీని నిలదియ్యడం ఒకటి, ఊరందరి నోరూ కట్టెయ్యడం ఇంకొకటి. మనకి మొదటిది కావాలి, రెండోది అక్కర్లేదు.

ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. నచ్చనిదల్లా తీసెయ్యండి అని మనం అడిగితే, రేపు ఆ కత్తి ముందు మన పాటమీదే పడుతుంది. మన పాట చాలామందికి నచ్చదు. అందుకే మనం అడగాల్సింది నోరు మూయించమని కాదు. కులాన్ని అవమానించేవాడికి ప్రకటనల డబ్బు ఆపమనాలి, వాణ్ణి ఎత్తి చూపించడం ఆపమనాలి. తెలుగూ, ఇక్కడి కుల తిట్లూ తెలిసినవాళ్లని ఫిర్యాదులు చూడ్డానికి పెట్టమనాలి. తీసినా, తియ్యకపోయినా కారణం తెలుగులో రాసివ్వమనాలి. మన పాట తీసినప్పుడూ అదే నియమం ఉండాలి.

చట్టం కొంత మన చేతిలో ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(యు) కింద మాటతోగానీ, రాతతోగానీ, బొమ్మతోగానీ మనమీద ద్వేషం రెచ్చగొట్టడం నేరం. 3(1)(వి) కింద మనం గౌరవించే, కాలంచేసిన మహనీయుల్ని అవమానించడం నేరం. ఇంటర్నెట్టులో పెట్టిన వీడియో కూడా నలుగురి ఎదుట తిట్టినట్టేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అయితే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు, అలాంటి ఇంకో యూట్యూబ్ కేసులోనే, తిట్టు కులం కారణంగా పడిందని కనిపించాలి అన్నది. అందుకని ఫిర్యాదులో ‘మమ్మల్ని అవమానించాడు’ అని రాసి ఊరుకోకండి. ఏ మాట అన్నాడు, అది కులాన్ని ఎలా తాకింది, ఎన్నో నిమిషంలో అన్నాడు, అన్నీ రాయండి. వీడియో దాచుకోండి, లింకూ తేదీ రాసుకోండి.

కంపెనీకీ విడిగా రాయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. వాళ్లు తేల్చింది నచ్చకపోతే పైన అప్పీలు కమిటీలున్నాయి. ఒక్కడు రాస్తే చెత్తబుట్టలో వేస్తారు. పేట పేటంతా రాయాలి. పాటగాళ్లంతా ఒకే మాటమీద సంతకం పెట్టాలి. ఏ ఛానలువాడైనా కులాన్ని ఎగతాళి చేస్తే ఆ ఛానల్లో మనవాడెవడూ పాడకూడదు. ఇంటర్వ్యూకి పిలిచినా వెళ్లకూడదు.

మన డప్పు లేకపోతే ఒకప్పుడు ఊరి పండగ నడిచేది కాదు. ఇవాళ మన పాట లేకపోతే వాళ్ల ఫోనూ మోగదు. ఆ బలం తెలుసుకుని, అందరం కలిసి అడుగుదాం.

జై భీమ్!